పుచ్చుకొన్న తాంబూలము

వసంతావసానమునఁ జండమార్తాండ కిరణసంతాపమునకు మోదుగుపూవులెల్ల రాలిపోఁగా గుండ్లవాగు సికతాతలము కొలిమివలెఁ గాఁగుచుండెను. ఆ యెండను లెక్కసేయక ధూళిధూసరితగాత్రులైన పల్నాటి కృషీవలులు తిరునాళ్ల బండలాగుడు చూడఁ గుంపులుగూడిరి. ఏ జోడెడ్లు బండను దూరము లాగునో యని చూపరులు తమలోఁ బందెములు గట్టుట యచ్చటి వాడుక. పందెమునుండి ముందు లేవఁదలఁచినవాఁడు ఎదిరికిఁ దాంబూలమీయవలెను. ఎదిరి పుచ్చుకొనెనా మఱుసటి తిరునాళ్లదాఁక వారిరువురకుఁ బందెము లేదు.

పూర్వము పేరిరెడ్డి యను రైతు కొంత నష్టపడి లేచి బసివిరెడ్డికిఁ దాంబూలము సాఁచెను. "మీసమున్న మగవాఁడు ప్రొద్దుండఁగనే లేచునటయ్యా?" యని బసివిరెడ్డి దానిని దుమ్మునఁ బాఱవైచెను. రోషావేశవివశుఁడై మరలఁ గూర్చుండిన పేరిరెడ్డి తన యెడ్లను వాని మెడలలోని కంచుగంటల పట్టెడలను గోలుపోయి యా దిగులుతోనే కన్నుమూసెను. ఆ పట్టెడలనే తన యెడ్లకుఁ గట్టి తిరునాళ్లనుండి మరలునపుడెల్ల బసివిరెడ్డి యా విధవరాలి ముంగిటనే త్రోలించుకొని పోవుచుండెను. అంతటి నీచుఁడు మఱియొకఁడుండునా!

పేరిరెడ్డి కొడుకు చెంచిరెడ్డి పెరిగి పెద్దవాఁడై పందెమునకుఁ బోయెదననఁగా తల్లి యోబులమ్మ వాని చేత నొట్టు వేయించుకొనెను. "నేను మూటగట్టి యిచ్చినంతయే యొడ్డుము నాయనా. పోయినదానికై రెట్టింపకుము. కడుపు మండుచున్నప్పుడు ముడి విప్పకుము. గెలిచినను ఓడినను ప్రొద్దు గట్టును దాఁకినంతనే తాంబూలమిచ్చి లెమ్ము."

గంటల మ్రోఁత విని చేయి వణఁకిన తిరునాళ్లలో చెంచిరెడ్డి ముడి విప్పకయే మరలివచ్చెను. చేయి నిలిచిన తిరునాళ్లలో నెడ్ల యూపిరియు గొరిజలును గనిపెట్టి కొంచెము కొంచెముగా నొడ్డెను. పగ మాత్రము మఱవలేదు.

ఆ యేఁడు వానికెదురుగాఁ గూర్చుండినవాఁడు బసివిరెడ్డి. ఓడినకొలఁది రెట్టించి రెట్టించి యతఁడు వెండి మొలత్రాటిని బండిని గోలుపోయి ప్రొద్దు గట్టును దాఁకువేళకుఁ బట్టెడలను విప్పించి ముందుఁ బెట్టెను.

"ఇవిగో నీ తండ్రి గంటలు! ఒక్క పందెము!"

"కూర్చుండుమోయి చెంచిరెడ్డీ! మీ యయ్య గంటలు వచ్చును!" అని జనులు గోలపెట్టిరి.

చెంచిరెడ్డి గంటల వంకఁ జూచెను. ఆ గంటలకై వాఁడు పసితనమునుండి కలవరించినాఁడు. అయినను మొలనుండి యాకులువక్కలు దీసి చేయి సాఁచెను.

"ప్రొద్దు గట్టును దాఁకినది మామా."

"ఒక్కటే నాయనా! నీ కాళ్లు పట్టుకొందును!"

"నా తండ్రియు నీకిట్లే తాంబూలము సాఁచెను. నీవు దుమ్మునఁ బాఱవైచితివి. నేను నీ చేతిలోనే పెట్టుచున్నాను."

"ఈమాఱు పాఱవైచితివా మరల నిన్ను బరికి రానీయము" అని పెద్దలు గద్దించిరి. బసివిరెడ్డి తాంబూలముపైఁ బిడికిలి మూసెను. పోయినది రాఁబట్టుకొను త్రోవ మూసికొనిపోయిన యా కన్నులఁ జూచి చెంచిరెడ్డి జాలిపడలేదు. తనివితీరఁ జూచెను.

"గంటలేవిరా?" అని, బసివిరెడ్డి గంటలనొడ్డెనని విన్న తల్లి గడపలోనే యడిగెను.

"వాని కడనే యున్నవమ్మా."

"తాంబూలమో?"

"పుచ్చుకొనెను."

ఓబులమ్మ చాల కాలమునకు నవ్వెను. "కాళ్లు గడిగికొని రమ్ము. అన్నము పెట్టెదను."

ఆ సాయంకాలము గంటల మ్రోఁత వారి ముంగిటికి రాలేదు. బసివిరెడ్డి యెడ్లు చుట్టుదారినిఁ బోయెను.