ఏ లెన్సు ఉంచాలి

పై గుండీ దగ్గరికి వచ్చేసరికి ఆయన గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. భార్య మునివేళ్ల మీద లేచి గుండీ పెట్టింది. రెండు నెలలుగా ఈ పని ఆవిడదే. ఎందుకని ఆవిడ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"పెళ్లిరోజున కూడా మిమ్మల్ని ఎవరూ ఇంత ముస్తాబు చేసుండరు," అంది.

"అందుకే ఆ ఫొటోలో అలా ఉన్నా."

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఒకే స్టూడియోలో ఫొటోగ్రాఫరు. బడులకూ ఆఫీసులకూ వెళ్లి గ్రూపు ఫొటోలు తీస్తాడు. పొట్టివాళ్లను ముందుకు లాగి, పొడుగువాళ్లను వెనక్కి నెట్టి, "కదలకండి!" అని ఒక్క కేక వేస్తే మేనేజర్లు కూడా బిగుసుకుపోతారు. అందరికీ ఆయన 'కదలకండి బాబాయ్'. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా కనపడదు.

పోయిన నెల ఒక మిల్లు మూతపడింది. ఆఖరిరోజున నలభై మందిని నిలబెట్టి ఫొటో తీశాడు. కెమెరాకి స్టాండు వాడలేదు. స్టాండు నేర్చుకునేవాళ్లకని ఆయన గొప్ప. కెమెరా వెనక చిన్న తెర మీద బాగానే కనిపించింది. స్టూడియోకి వచ్చి పెద్దది చేస్తే అన్ని మొహాలూ అలుక్కుపోయి ఉన్నాయి. ఈలోగా వాళ్లు తలో దారీ పట్టారు. ఆ నలభై మందినీ మళ్లీ ఒకచోట నిలబెట్టడం ఎవరి తరం? లెన్సు ముసలిదైపోయిందని ఆయన అన్నాడు. యజమాని నమ్మాడు.

ఈరోజు ఆ యజమానే రెండు జూమ్ లెన్సులు తెప్పించి బల్ల మీద పెట్టాడు.

"సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చు బాబాయ్. రెండోది తిరిగి ఇచ్చేయాలి."

మొదటిది బరువు. మసక గదిలో కూడా వెలుతురు బాగా లాక్కుంటుంది. రెండోది తేలిక. వెలుతురు తక్కువే తీసుకుంటుంది గానీ, చెయ్యి వణికినా బొమ్మ కదలకుండా ఆపే ఏర్పాటు దాని లోపలే ఉంది.

ఆయన పాత వార్తాపత్రిక పేజీ ఒకటి గోడకు అంటించి, పది అడుగుల దూరం నుంచి తీశాడు. బరువు లెన్సులో అక్షరాలు చీమల్లా పరిగెత్తాయి. తేలిక లెన్సులో నిలబడ్డాయి. ఇంక ఆలోచించేదేముంది, తేలికది ఉంచుకుంటే సరి. ఇంకో రెండేళ్లు ఎవరికీ తెలియదు. ప్రాణం కుదుటపడింది.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. అలవాటు ఆపనివ్వలేదు. పోలికకు పాత లెన్సు కూడా చూడాలి కదా. దాన్ని మాత్రం స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే, పేజీ అడుగున ఉన్న అచ్చాఫీసు చిరునామా ఒత్తులతో సహా చదవగలిగాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను ఆయన జీవితమంతా వేరే ఫొటోగ్రాఫర్ల మీదే వాడాడు. ఇప్పుడు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ మిల్లువాళ్లు తలుపు తోసుకుని వస్తారేమోనన్నట్టు అటు చూశాడు.

పోనీ, ఇకమీదట స్టాండు వాడొచ్చు. అలా అనుకుంటూనే పాత లెన్సు విప్పుతుంటే అది చేతిలోంచి జారింది. కింద మెత్తటి గుడ్డ ఉండబట్టి సరిపోయింది. లెన్సు మార్చే చేతికి స్టాండు ఎక్కడ దొరుకుతుంది?

సాయంత్రం యజమాని వచ్చాడు.

"ఏం తేలింది బాబాయ్?"

"బరువుది ఉంచు."

"అంత బరువు రోజంతా ఎలా మోస్తావు?"

"మోసేది నేను కాదు బాబూ. చెయ్యి నిలకడగా ఉన్నవాణ్ణి చూసుకో. పాతదాంట్లో తప్పేం లేదు. మిల్లు ఫొటో చెడగొట్టింది నేనే."

యజమాని కుర్చీ ముందుకు జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు. "రేపు మాట్లాడుకుందాంలే. ముందు టీ తాగు," అని తనే ఫ్లాస్కు వంచి గ్లాసు నింపాడు.

ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని గ్లాసు వంక కాసేపు చూశాడు. "ఇంటిదగ్గర ఎదురుచూస్తుంటుంది," అని లేచాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా స్టూడియో మెట్లు ఎక్కలేదు.

ఆ సాయంత్రం యజమాని దీపాలు ఆర్పేటప్పుడు, బల్ల మీద అంచుదాకా నిండిన టీ గ్లాసు, ఒక్క చుక్కైనా తగ్గకుండా, మీగడ కట్టి ఉంది.