ఏవిస్ తరఫున

ఆ ఆదివారం క్లారీ నాంకివెల్‌కు తిండి సయించలేదు. కాల్చిన గొర్రె మాంసం, గుమ్మడి ముక్కలు, పైన గ్రేవీ. వారమంతా చప్పిడి సూపులు పోసి ఆదివారం మాత్రం పండగ చేస్తారు ఆ వృద్ధుల హోంలో. ఫోర్కు నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడాయన. పక్క మంచం మీద భార్య ఏవిస్ పొద్దుటినుంచీ ఒకే పక్కకు ఒత్తిగిలి ఉంది. ఆమె నడుము కింద పడకపుండు పడి చాలా రోజులైంది. దాని వాసన ఫినాయిలు వాసనను కూడా మింగేసి గదిలో తిష్ఠ వేసింది. అది ముక్కుకు తగులుతుంటే మాంసం ఎవడి గొంతు దిగుతుంది?

పక్షవాతం వచ్చాక ఏవిస్‌కు మాట పడిపోయింది. ఒళ్ళు కదలదు. గంటకో రెండు గంటలకో ఎవరో ఒకరు ఆమెను ఈ పక్కనుంచి ఆ పక్కకు తిప్పాలి. అదేం బ్రహ్మవిద్య కాదు, కానీ మంచానికి చెరోవైపు ఒకరుండాలి. శని ఆదివారాల్లో ఆ వరుస గదులన్నిటికీ కలిపి ఒక్కతే ఆయా. పేరు లితియానా. ఫిజీనుంచి ఈ పోర్ట్ కారో ఊరికి పనికోసం వచ్చిన మనిషి. హోం ఉద్యోగం ఉన్నంతకాలమే ఆమె వీసా. ఉద్యోగం పోయిందంటే తట్టా బుట్టా సర్దుకోవలసిందే.

క్లారీ బెల్లు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చాలాసేపటికి లితియానా రొప్పుతూ వచ్చింది. చేతులకు సబ్బు నురగ ఇంకా ఉంది.

“తాతా, చచ్చిపోతున్నా. చివరి గదిలో పెద్దాయన బాత్రూంలో జారిపడ్డాడు. ఆయన్ని లేపి కూర్చోబెట్టి వచ్చేస్తా. వచ్చి అమ్మమ్మని తిప్పేస్తా.”

“పొద్దున కూడా ఇదే పాట పాడావు కదే పిల్లా.”

“పాడాను. పొద్దున ఇంకొకాయన పడ్డాడు.” ఆమె నవ్వబోయి ఏవిస్ వైపు చూసి ఆగిపోయింది. “నాకున్నవి రెండే చేతులు తాతా. ఏం చెయ్యమంటావు?”

“ఇంకో మనిషిని పెట్టమని వాళ్ళ మొహమ్మీదే అడుగు.”

“నాతో వచ్చిన పిల్ల ఒకతి అడిగింది. ఇప్పుడు ఫిజీకి తిరిగెళ్ళి సువా బజార్లో చేపలమ్ముకుంటోంది. నాకు ముగ్గురు పిల్లలు తాతా. ఈ ఉద్యోగం లేకపోతే వాళ్ళేం తింటారు?”

ఎక్కడో బెల్లు మోగింది. ఆమె పరుగెత్తింది.

ఎంత చూసినా రాలేదు. క్లారీకి ఓపిక నశించింది. తను కూర్చున్న చక్రాల కుర్చీని మంచం దాకా తోసుకెళ్ళి, బ్రేకు వేసి, ఏవిస్ భుజం కిందా నడుము కిందా చేతులు దూర్చాడు. వయసులో ఉన్నప్పుడు సీసం కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి ముందు నిలబడి పారపట్టిన చేతులవి. ఒంట్లో సత్తువ పోయినా ఆ గర్వం పోలేదు. ఒక్క ఊపున లేచాడు. కాళ్ళు నిలవలేదు. దుప్పటితో సహా కిందపడ్డాడు. ఆయన లాగిన లాగుడుకు ఏవిస్ మంచం అంచుకు జరిగి, చెంప ఇనప కమ్మీకి ఆనుకుని ఉండిపోయింది. దుప్పటి మీద పుండు మరక అరచేయంత ఉంది. ఏవిస్ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కమ్మీల సందులోంచి నేల మీదున్న మొగుణ్ణి చూస్తున్నాయి.

“ఏవీ, నొప్పెట్టిందా? క్షమించవే. నాకు చేతకాలేదు,” అన్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

లితియానా వచ్చి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన్ని కుర్చీలోకి ఎత్తి, ఏవిస్‌ను సర్ది, కట్టు మార్చి, అప్పుడు ఆయన కుర్చీ పక్కన నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఎవరికీ చెప్పకు తాతా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“ఛ, లే. నేను పితూరీలు మోసేవాడిలా కనిపిస్తున్నానా నీకు?”

మోసేవాడు కాదు. ముప్పై ఏళ్ళు యూనియన్ నాయకుడుగా ఉన్నవాడు. సాటి పనివాడి పేరు యజమాని చెవిన వెయ్యకూడదన్నది ఆ ఫ్యాక్టరీలో అందరికంటే పెద్ద చట్టం. ఒకప్పుడు ఒకడు వేశాడు. ఊరు ఊరంతా వాడితో మాట మానేసింది. బారులో వాడు గ్లాసు పట్టుకుని ఏ బల్ల దగ్గరికొస్తే ఆ బల్ల ఖాళీ. వాడి పెళ్ళాం ఎదురైతే ఏవిస్ కూడా తల తిప్పుకుని రోడ్డు దాటేది. అదంతా దగ్గరుండి నడిపించింది క్లారీయే. తప్పు చేశానని ఆయనకు ఏనాడూ అనిపించలేదు.

సోమవారం మేనేజరు డేల్ వోస్పర్ వచ్చాడు. ఏ గదికి వెళ్ళినా ఒకే నవ్వు మొహాన అతికించుకుని వెళ్ళే మనిషి. క్లారీ మోచేతి మీద కమిలిన మచ్చ చూశాడు.

“ఏంటి పెద్దాయనా, నిన్న కుస్తీ పట్టారా? డ్యూటీలో ఎవరున్నారు?”

“నేనే జారాను. తర్వాత కునుకు పట్టింది. ఎవరొచ్చారో చూళ్ళేదు.”

“అమ్మగారికి ఇబ్బందేం లేదుగా?”

“లేదు. బాగానే ఉంది.”

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏవిస్ తరఫున జవాబు చెప్పడం ఆయనకు అలవాటే. హోటల్‌కు వెళితే “ఆవిడకి చేప” అని ఆయనే చెప్పేవాడు. ఆమెకు నిజంగా చేప ఇష్టమో కాదో ఎవరికి తెలుసు! డేల్ మొహం వికసించింది. “అందరూ మీలాగుంటే మాకు రోజూ పండగే,” అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ‘బాగానే ఉంది’తో పుండు సంగతి అక్కడితో సరి.

సాయంత్రానికి ఏవిస్ ఒళ్ళు కాలిపోయింది. బయటినుంచి వచ్చే నర్సు కట్టు విప్పి చూసి, క్లారీని గుమ్మం దగ్గరికి పిలిచింది.

“ఎముక దాకా పోతోందండీ. మందు రాస్తాను. కానీ ఇలాగే ఒక పక్కన పడేసి ఉంచితే ఏ మందూ పనిచెయ్యదు. చీము రక్తంలోకెక్కితే ఆస్పత్రికి పంపినా లాభముండదు.”

అరవై ఏళ్ళ కాపురం ఒక పుండు చేతిలో పోతోంది, తను కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. ఆ రాత్రి పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. తెల్లారగానే మర్నా క్విల్టీకి ఫోన్ చేశాడు.

హోముల్లో ఉండే ముసలివాళ్ళ తరఫున మాట్లాడటం మర్నా ఉద్యోగం. జీతం ప్రభుత్వం ఇస్తుంది. అప్పుడప్పుడూ వచ్చి హాల్లో టీలు అవుతుండగా అందరికీ చెప్పి వెళ్ళేది: “నేను వకీల్ని కాదు, పోలీసుని కాదు, ఈ హోం మనిషిని అంతకన్నా కాదు. మీరే నా యజమానులు. మీరు వెళ్ళమన్న దాకా వెళతా, ఆగమన్న చోట ఆగుతా.” యూనియన్ మాటల్లా ఉన్నాయని క్లారీకి నచ్చేవి. కానీ అడిగినప్పుడల్లా “మాకేం, రాజాల్లా ఉన్నాం, అవసరమైనవాళ్ళని చూసుకో అమ్మాయ్” అని పంపేసేవాడు. ఆ ఊళ్ళో మగవాళ్ళు చావు మంచం మీదున్నా అదే మాటంటారు.

మధ్యాహ్నానికి మర్నా వచ్చేసింది. బయట ఎడారి మీదుగా వచ్చే ఉత్తరపు వడగాలి కొడుతోంది. జుట్టంతా ఎర్రదుమ్ము. తలుపు వేసి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“చెప్పండి క్లారీ గారూ. ఏం కావాలి?”

“దీన్ని వేళకి తిప్పాలి. పుండు సంగతి తెలిసిన నర్సు రోజూ రావాలి. శని ఆదివారాలు ఇంకో మనిషి కావాలి. అంతే.”

“ఇవాళే అడుగుతా. ఇక్కడ వినకపోతే పైన ప్రభుత్వ కమిషనుకు ఫిర్యాదు పెడదాం. ఏ రోజు తిప్పలేదు?”

“అది చెప్పను.”

“డ్యూటీలో ఎవరు?”

“అదీ చెప్పను.”

“ఏదీ చెప్పకపోతే నేనెవర్ని అడగనండీ, గోడనా?”

“మనుషులు చాలట్లేదని అడుగు. పిల్ల పేరు మాత్రం బయటికి రాకూడదు. నాకు మాటియ్యి.”

“ఇవ్వలేను,” అంది మర్నా. “తప్పు హోందే అని గట్టిగా అంటాను. ఆ అమ్మాయి కోసం వేరే వాళ్ళ సాయం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్తాను. కానీ ఆ రోజు డ్యూటీ ఎవరిదో వాళ్ళు తీసి చూడకుండా నేనాపలేను. నెపం ఆమె మీదికి నెట్టరని కూడా చెప్పలేను. అబద్ధం చెప్పి మీ చేత ఊఁ అనిపించుకోను.”

“మరి నువ్వుండి ఏం లాభం? వచ్చి లామింగ్టన్ కొబ్బరి కేకులు మెక్కి పోడానికా?”

“నాకవి పడవు. కొబ్బరి గొంతులో అడ్డం పడుతుంది.”

క్లారీకి కోపంలోనూ నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

“ఒకదాని ఒళ్ళు కుళ్ళిపోతోంది. అది బతకాలంటే ఇంకోదాని పొట్ట కొట్టాలంటున్నావు. ఆ పిల్ల దీనికి జడ వేస్తుందమ్మా. చర్చి పాటలు పాడి నిద్రపుచ్చుతుంది. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వే చెప్పు, ఏం చెయ్యను?”

“అది నేను చెప్పకూడదు. ఏవిస్ గారిని అడిగారా?”

“దానికి మాటేదీ?”

“మాట లేదు. తెలివుందా?”

“తెలివికేం? మన మాటలన్నీ వింటూనే ఉంది.”

“అయితే ఆమెనే అడగాలి. నేను మీ మనిషినెంతో ఆమె మనిషినీ అంతే. ఆమె ఒంటి గురించి ఆమెనడక్కుండా నేనెక్కడా నోరెత్తను.”

క్లారీకి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. ఏవిస్ ఒప్పుకోదు. నాయకుడి పెళ్ళాం అది. తనకంటే మొండిది. పనిపిల్ల నోటి దగ్గర కూడు తీస్తానంటుందా? వద్దంటుంది, ఈ పాపం తన నెత్తిన లేకుండా పోతుంది. అలా అనుకున్నందుకు వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా, “అడుగు, అడుగు,” అన్నాడు.

మర్నా మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఏవిస్ కళ్ళకు ఎదురుగా మొహం పెట్టింది.

“ఏవిస్ గారూ, అవునంటే కళ్ళు గట్టిగా మూయండి. కాదంటే తెరిచే ఉంచండి. మీ పేరు డోరతీనా?”

కళ్ళు తెరిచే ఉన్నాయి.

“ఏవిస్సా?”

మూసుకున్నాయి.

“ఈ చిరచిరలాడే ఆయన మీ ఆయనేనా?”

కాస్త ఆగి మూసుకున్నాయి. క్లారీ ముక్కు ఎగబీల్చి, “ఆలోచించి మరీ చెప్పింది చూశావా,” అన్నాడు.

“మిమ్మల్ని వేళకి తిప్పడం లేదని నేను ఫిర్యాదు పెట్టనా?”

కళ్ళు మూసుకున్నాయి. నొసలు ముడతలు పడేంత గట్టిగా మూసుకున్నాయి. తెరిచింది, మళ్ళీ మూసింది. మళ్ళీ తెరిచి మళ్ళీ మూసింది. రెప్పల కిందనుంచి నీళ్ళు ముక్కు మీదుగా దిండులోకి కారాయి.

మర్నా తొందరపడలేదు. “ఇంకోటి చెప్పాలండీ. దీనివల్ల లితియానా ఉద్యోగం పోవచ్చు. ఫిజీకి పంపేయొచ్చు. నేను ఆపలేకపోవచ్చు. అది తెలిసి కూడా పెట్టమంటారా?”

ఈసారి కళ్ళు చాలాసేపు తెరిచే ఉన్నాయి. తలుపు వైపు చూశాయి. క్లారీ కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు. ఏవిస్ చూపు మళ్ళీ మర్నా దగ్గరికి వచ్చింది. నెమ్మదిగా, నిండుగా కళ్ళు మూసుకుంది. ఇక తెరవదేమో అన్నంతసేపు మూసుకునే ఉంది.

క్లారీ ఇన్నాళ్ళూ ఇక్కడే, ఈ మంచం పక్కనే ఉన్నాడు. వచ్చిన ప్రతివాడికీ బాగానే ఉందన్నాడు. ఆమె వింటూనే ఉంది. తన మర్యాదంతా ఆమె వెన్ను మీద కాపాడుకున్నాడు.

“ఏవీ,” అన్నాడు. ఆమె అటు చూడలేదు.

“ఇంకా కొన్ని అడగాలండీ, ఎక్కడెక్కడ నొప్పి, ఎవరెలా చూస్తారు, ఇలాంటివి,” అంది మర్నా. “ఎవరినైనా అడిగే మాటే ఇది. అప్పుడు క్లారీ గారు గదిలో ఉండాలా?”

కళ్ళు తెరిచే ఉన్నాయి. మూసుకుంటాయని క్లారీ చూస్తూ కూర్చున్నాడు.

“బయట ఉండమనమంటారా?”

మూసుకున్నాయి.

క్లారీ బ్రేకు తీసి, కుర్చీ తిప్పుకుని, వరండాలోకి వచ్చేశాడు. వెనక తలుపు మెల్లగా పడింది. ఎదురుగా లితియానా టీ బండి తోసుకుంటూ వస్తోంది.

“అదేంటి తాతా, గెంటేసిందా అమ్మమ్మ? టీ పొయ్యనా?”

“ఫిర్యాదు పెడుతున్నాం పిల్లా. నీ పేరు వస్తుంది.”

ఆమె చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది.

“ఎవరు పెడుతున్నారు?”

కాదు, నేను కాదు, నేను వద్దనే అన్నాను అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇవాళ సాయంత్రం ఏవిస్‌ను తిప్పేది ఈ చేతులే. రేపు ముద్ద పెట్టేదీ ఈ చేతులే.

“నేనే,” అన్నాడు.

“చెప్పనని నిన్నగాక మొన్న ఒట్టేసినట్టు చెప్పావు.”

“చెప్పాను.”

“పిల్లలున్నారని నీకు తెలుసు.”

“తెలుసు.”

ఆమె ఇంకేదో అనబోయింది. అంతలో గది తలుపు తెరుచుకుని మర్నా తల బయటపెట్టింది.

“లితియానా, ఏవిస్ గారు ఇప్పుడు తిప్పమంటున్నారు. రెండో మనిషి కోసం ఆఫీసుకు ఫోన్ చేశాను, వస్తున్నారట.”

లితియానా కెటిల్ బండి మీద పెట్టింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, ఏప్రన్ సర్దుకుని, క్లారీ పక్కనుంచి లోపలికి వెళ్ళింది. ఆఫీసు వైపునుంచి ఇంకొక ఆమె గబగబా వచ్చి తనూ వెళ్ళింది. లోపల లితియానా గొంతు వినిపించింది, “అమ్మమ్మా, మెల్లగా, ఇదిగో, నేను పట్టుకున్నా,” అని. మంచం కిర్రుమంది. ఏవిస్ గొంతులోంచి ఒక మూలుగు, తర్వాత పెద్ద నిట్టూర్పు.

క్లారీ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.