త్రీఫేజు తిట్లు

ఓబులేసు ట్రిపుల్‌ఈ ఇంజినీరింగు పాసై ఊరికొచ్చిన ఏడాదిలో ఇంట్లో విప్పని వస్తువంటూ మిగల్లేదు. రేడియో విప్పాడు, మిక్సీ విప్పాడు, గోడ గడియారం విప్పాడు. రేడియో మళ్ళీ పలికింది. మిక్సీ మునుపటికంటే గట్టిగా అరవడం నేర్చుకుంది. గడియారం మాత్రం చెప్పుల డబ్బాలో ముక్కలుగా విశ్రాంతి తీసుకుంటోంది. అది రెండువేల రెండో సంవత్సరం. బెంగళూరు కంపెనీలు కొత్తవాళ్ళను తీసుకోవడం మానేసి, ఉన్నవాళ్ళనే ఇళ్ళకు పంపుతున్న రోజులు. ఓబులేసు వారానికోసారి హిందూపురం పోయేవాడు. ఇంటర్నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని నలభై చోట్లకు అర్జీలు పంపేవాడు. సాయంత్రం సోమందేపల్లెలో బస్సు దిగి, ఇంటికి నడిచొచ్చి, మళ్ళీ ఏదో ఒకటి విప్పేవాడు.

పోనీ, ఉద్యోగం రాలేదని దిగులుపడ్డాడా అంటే అదీ లేదు మహానుభావుడు! సోల్డరింగు ఐరన్ వేడెక్కి సన్నగా పొగ లేస్తే చాలు, వాడికి ఆకలిదప్పులు ఉండవు. దిగులంతా వాళ్ళ నాయన బయ్యన్నది. ఆయన కొడుకుతో నేరుగా మాట్లాడి ఆరు నెలలైంది. ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్తాడు. "ఇంజినీరుకు చెప్పండప్పా, ఎనుములకు నీళ్ళు పెట్టమని" అంటాడు. ఇంట్లో తామిద్దరు తప్ప ఇంకో మనిషి లేకపోయినా అదే వరస.

ఇక తిరుపాలమ్మ. ఆమె బయ్యన్నకు తల్లి, ఓబులేసుకు అవ్వ, ఊరికి సైరను.

వాళ్ళ ఇల్లు ఊరి చివర, మిట్ట మీద ఉంటుంది. అరుగు మీద నిలబడితే కిందున్న తొమ్మిది బోర్లూ, వాటన్నిటికీ కలిపి ఉన్న ఒక్క ట్రాన్స్‌ఫార్మరూ కనిపిస్తాయి. అరుగు గోడకు ఒక చెక్క, ఆ చెక్కకు మూడు బల్బులు. మూడూ తెల్లగా వెలిగాయంటే మోటార్లు తిరిగే త్రీఫేజు కరెంటు వచ్చిందని అర్థం. ఆ కరెంటుకు ఒక వేళాపాళా లేదు. ఒక రోజు పదింటికి వస్తుంది, ఒక రోజు రెండింటికి వస్తుంది, వచ్చిన నాలుగు గంటలకు పోతుంది. దానంతటదే మోటరును లేపే ఆటో స్టార్టర్లు ఒకప్పుడు ఉండేవి. కరెంటు రాగానే అన్నీ ఒకేసారి లేచి పక్కూళ్ళో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందని లైన్‌మన్ పీర్ మహమ్మద్ వాటన్నిటినీ పీకించాడు. అప్పట్నుంచి ఎవరి బటను వాళ్ళే నొక్కుకోవాలి. మరి కరెంటు వచ్చిందని తెలిసేదెట్లా? తిరుపాలమ్మ నోటి ద్వారా.

బల్బులు వెలగ్గానే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడేది.

"రామక్కా! ఒసేయ్ రామక్కా! ఎనుము నెమరేసినట్ల ఎంతసేపు నములుతావే ఆ ఆకూవక్కా? పోయి మోటరెయ్యి! నీ నడక తగలెయ్య, ఆడ చెనిక్కాయ ఎండిపోతాంటే పెండ్లినడకలా నీకు? ఏసినావా? ఊఁ. చెన్నప్పా! మీసాలు దువ్వింది చాలు గానీ కదులప్పా..."

ఇట్లా ఎనిమిది మందీ అయ్యాక, అందరికంటే ఆఖర్న సొంత కొడుకు. "రేయ్ బయ్యన్నా, సోంబేరి నా కొడకా, మోటరెయ్యిరా!" ఊరు మొత్తం మీద ఆ "నా కొడకా" అక్షరాలా నిజమయ్యేది బయ్యన్న విషయంలోనే. ఆయన కూడా తలొంచుకుని బటను నొక్కేవాడు. తన పేరు పిలవకముందే మోటరు వేసేంత గుండె ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. వేస్తే వాడి ఏడు తరాలూ అరుగు మీదికి వచ్చేవి.

ఆ ఏడు శ్రావణంలో తిరుపాలమ్మ గొంతు పోయింది. పొద్దున లేచి అరవబోతే గాలి తప్ప మాట రాలేదు. హిందూపురం డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, గొంతులో చిన్న బుడిపెలు లేచాయనీ, నెల రోజులు నోరు మెదపకూడదనీ, మెదిపితే ఉన్నదీ పోతుందనీ చెప్పాడు. ఊరు మొదట నవ్వింది. ఆ తర్వాత కళ్ళు తేలేసింది. వాన మొహం చాటేసి అప్పటికి ముప్పై రోజులు. వేరుశనగ ఊడలు దిగే సమయం. ఇంకో వారంలోపు తడి అందకపోతే ఊడలు ఎండిపోయి, చెట్టు కింద కాయే ఉండదు. పనులు మానుకుని పగలంతా బల్బుల ముందు కూర్చోవడానికి తీరిక ఎవరికుంది?

"నేనుండాను కదన్నా" అన్నాడు ఓబులేసు ఊరివాళ్ళతో.

రెండు రోజులు తలుపేసుకుని సర్క్యూటు కట్టాడు. మూడు ఫేజులూ వచ్చాయో లేదో అదే చూసుకుంటుంది. వస్తే రిలే అనే స్విచ్చు దానంతటదే పడుతుంది. రిలే పడితే బ్యాటరీకి తగిలించిన లారీ హారను మోగుతుంది. మనిషితో పని లేదు, తిట్లతో అసలే పని లేదు. అందర్నీ పిలిచి చూపించాడు కూడా. "హారను వినపడిన వెంటనే బటను నొక్కండి. ఒక్క సెకను గూడా లేటు కాదు" అన్నాడు గర్వంగా. అవ్వ మాత్రం ఆ హారనుకేసీ, మనవడికేసీ చూసి తల అడ్డంగా ఊపింది. తన కొలువు పోయిందని ఉక్రోషం కాబోలు అనుకున్నాడు వాడు.

మర్నాడు పదకొండుంబావుకు హారను మోగింది. అబ్బో, ఏం మోత! మిట్ట కింద తొమ్మిది మందీ అప్పటికే స్టార్టరు డబ్బాల దగ్గర కాచుకుని ఉన్నారు. ముందు వేసినవాడికి భూమిలో నీళ్ళు ముందు అందుతాయని ఎవరి ఆశ వాళ్ళది. తొమ్మిది వేళ్ళు తొమ్మిది పచ్చ బటన్ల మీద ఒక్కసారే పడ్డాయి. అరుగు మీది బల్బులు ఎర్రగా కొడిగట్టాయి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఢామ్మని పేలింది. చేలల్లోని కొంగలన్నీ ఎగిరిపోయాయి. ఆ తర్వాత హారను కూడా ఊరుకుంది.

పీర్ మహమ్మద్ మోపెడ్డు మీద వచ్చి, స్తంభం ఎక్కి, చాలాసేపు చూసి దిగాడు.

"ఫీజులు ఎగిరిపోయినాయన్నా. లోపల కాయిలు మిగిలింది, అల్లా దయ. ఈ పొద్దు సాయంత్రానికి కొత్త ఫీజులు కట్టిస్తా. కానీ ఇంకొక్కసారి ఇట్లయితే కాయిలే కాలిపోతాది. కొత్త ట్రాన్స్‌ఫారం రావల్లంటే ఇరవై దినాలు. అప్పుడు మీ చెనిక్కాయంతా పీకి ఎనుములకు ఏసుకోవల్సిందే." చెమట తుడుచుకుని అడిగాడు. "ఇన్నేండ్లు పోని ఫీజులు ఈ పొద్దే ఎందుకు పోయినాయి? ఏం చేసినారప్పా మీరు?"

అందరూ ఓబులేసు వైపు చూశారు. బయ్యన్న మాత్రం స్తంభం వైపు చూశాడు.

"నాలుగేండ్లు ఇంజినీరుకు ఫీజు నేను కట్టినా. ఇప్పుడు ట్రాన్స్‌ఫారం ఫీజు ఇంజినీరు పీకినాడు" అని ఆ స్తంభానికి చెప్పి ఇంటిదారి పట్టాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఓబులేసు అరుగు మీద కూలబడ్డాడు. మోటరు లేచేటప్పుడు మామూలుకంటే ఆరు రెట్లు కరెంటు లాగుతుంది. ఈ ముక్క వాడికి తెలియదా? మూడో ఏడు పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే గ్రాఫు గీసి మరీ రాశాడు, పదహారుకు పద్నాలుగు మార్కులు వేశారు. సొంత ఇంటి ముందు తొమ్మిది మోటార్లున్నాయన్న సంగతి ఆ గ్రాఫులో లేదు. రేపు మళ్ళీ ఇట్లాగే అయితే తొమ్మిది కుటుంబాల పంట తన చేతిమీదుగా పోతుంది.

మరి ఇన్నేళ్ళూ ఎందుకు పేలలేదు?

"అవ్వా, నువ్వు రోజూ రామక్కనే ముందెందుకు పిలుస్తావు?"

తిరుపాలమ్మ మనవణ్ణి పైకీ కిందికీ చూసింది. చేతులు బార్లా చాపి, తర్వాత వేలు నేలలోకి పొడిచి చూపింది. పెద్ద మోటరు, లోతు బోరు. అది ఆఖర్న వేస్తే లేవలేక బుర్రుమని మూలుగుతుందని, బుగ్గలు పూరించి ఆ మూలుగు కూడా చేసి చూపింది. ఆ తర్వాత చేతికర్ర ఎత్తి బల్బుల మీద ఆనించింది. గుప్పిట బిగించింది. నిదానంగా తెరిచింది. తెరిచేంతసేపూ నోరు చప్పుడు లేకుండా చకచకా ఆడించింది.

ఓబులేసుకు మెదడులో లైటు వెలిగింది. ఒక్కో మోటరు లేచినప్పుడు బల్బులు మసకబారతాయి. అది అందుకున్నాక మళ్ళీ తేటపడతాయి. అంతసేపూ ఇంకొకరు బటను నొక్కకుండా ఆపడానికే ఆ తిట్లు! రామక్క పెద్ద మోటరుకు పెద్ద తిట్టు, చెన్నప్ప చిన్న మోటరుకు చిన్న తిట్టు. ఇంతకాలం నోటి దురుసు అనుకున్నది అచ్చమైన లెక్క. వాడికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అవ్వ కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె కర్రతో నెత్తిన ఒక్కటి వేసింది.

మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి లేచేట్టు తొమ్మిది చోట్లకూ టైమర్లు కట్టాలంటే వారం పడుతుంది. కరెంటు రేపే వస్తుంది. అందుకని భజన గుడి మైకు సెట్టు, బ్యాటరీ తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఇంటింటికీ తిరిగి, పేరు పిలిచేదాకా ఎవరూ బటను ముట్టొద్దని బతిమాలాడు. వాళ్ళు సరేనన్నారు కానీ, ఒకసారి దెబ్బతిన్నవాళ్ళ సరే అది.

మర్నాడు ఒంటిగంటన్నరకు మూడు బల్బులూ వెలిగాయి. ఓబులేసు గొంతు సవరించుకున్నాడు.

"శ్రీమతి రామక్క గారికి విజ్ఞప్తి. దయచేసి మీ మోటారును ప్రారంభించవలసిందిగా కోరుతున్నాము."

కింద ఎవరూ కదల్లేదు. రామక్క చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఆ శ్రీమతి ఎవరా అని అటూ ఇటూ చూసింది. పోలియో చుక్కల బండి వచ్చిందనుకుని ఎవరో పిల్లల్ని కేకేశారు. ఓబులేసు మళ్ళీ అదే చదివాడు, ఇంకా మర్యాదగా. ఈలోగా చెన్నప్పకు ఓపిక నశించింది. డబ్బా తలుపు తీశాడు. పక్క చేన్లో ఇంకొకాయన అది చూసి తనూ తీశాడు. ఆ పక్కన ఇంకొకరు. మిట్ట మీద నిలబడిన ఓబులేసుకు అదంతా కనిపిస్తూనే ఉంది. నిన్నటి పేలుడు మళ్ళీ ఇంకో నిమిషంలో!

కర్ర టకామని నేలకు తగిలింది. డాక్టరు మాట గాలికి పోయింది.

"తిట్రా!" అంది తిరుపాలమ్మ, బొంగురుగా.

వాడు ఒక్కసారి కళ్ళు గట్టిగా మూసి తెరిచాడు.

"రామక్కా! ఒసేయ్ రామక్కా! నిన్ను లేపడానికి ఏమన్నా క్రేను తెప్పియ్యల్నా? మోటరెయ్యి! చెన్నప్పా, తియ్ ఆ చెయ్యి! ముట్టినావంటే మీసాలకు కరెంటు పెడతా!"

చెన్నప్ప చెయ్యి షాకు కొట్టినట్టు వెనక్కి వచ్చింది. రామక్క పరుగెత్తింది, నిజంగానే పరుగెత్తింది. బల్బులు మసకబారాయి. అవి తేటపడేదాకా ఓబులేసు రామక్క నడకనూ, ఆకూవక్కనూ, అవి పండించినవాళ్ళనూ వదల్లేదు. "ఇప్పుడెయ్యి చెన్నప్పా! ఏమప్పా, నీ బుర్రలో రెండు ఫేజులే ఉండాయా, మూడోది యాడ పారేసుకున్నావు?" కింద చేన్లలో నవ్వులు మొదలయ్యాయి. మూడోది లేచింది, నాలుగోది లేచింది. ఇంజినీరింగు పుస్తకాల్లోని కండెన్సర్లూ షార్టు సర్క్యూట్లూ అన్నీ ఆ రోజు తిట్లయిపోయాయి. అవ్వ పక్కన కూర్చుని బల్బులు చూస్తూ తొడ మీద తాళం వేస్తోంది. ఎనిమిదోది కూడా లేచింది.

ఇక మిగిలింది బయ్యన్న. డబ్బా దగ్గర చేతులు కట్టుకుని, పక్కనున్న వేపచెట్టును చూస్తూ నిలబడి ఉన్నాడు. ఓబులేసు మైకును నోటికి కాస్త దూరం జరిపాడు. కన్నతండ్రిని మైకులో ఏమని తిడతాడు? "నాయనా, మోటరెయ్యి" అన్నాడు మెల్లగా. బయ్యన్న కదల్లేదు. అవ్వ మోచేత్తో డొక్కలో పొడిచింది.

"సోంబేరి తిరుపాలమ్మ కొడకా!" అని అరిచాడు ఓబులేసు. "మోటరెయ్యి!"

ఊరంతా గొల్లుమంది. రామక్క గట్టు మీద కూర్చుండిపోయి పొట్ట పట్టుకుంది. బయ్యన్న పచ్చ బటను నొక్కాడు. బల్బులు మసకబారి, తేటపడ్డాయి. తొమ్మిది పైపుల్లో నీళ్ళు దూకాయి. అప్పుడాయన చెట్టును వదిలేసి, మిట్ట మీదికి, సూటిగా కొడుకు మొహంలోకి చూసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏసినాలేరా ఓబులేసూ! అట్ల అరచాకు, నీకూ గొంతు పోతాది!"