పేలని తూటా

రాతి బొక్కల్లో ఐదు మందు తూటాలు కూరి, వత్తులంటించి ఈరన్న బావిలోంచి పైకొచ్చాడు. అందరూ బండ చాటున పడుకుని చెవులొగ్గి విన్నారు. నాలుగే మోగాయి.

"రెండు కలిసి మోగినాయేమో అన్నా," అన్నాడు ఈరన్న.

శ్రీరంగప్ప తల అడ్డంగా ఆడించాడు. "లేదప్పా. ఒగటి లోపలే ఉండాది."

శ్రీరంగప్పది బావులు పేల్చే కంపెనీ. కంపెనీ అంటే ఒక ఎద్దులబండి, రాయి తొలిచే కొన్ని గడారీలు, సమ్మెటలు, ముగ్గురు మనుషులు. తవ్వినచోటల్లా పొడిరాయే తగలడంతో పిలిచేవాళ్లు తగ్గిపోయారు. కొత్త వత్తి తెచ్చే శక్తి లేక, పోయినేటి వత్తిచుట్టనే ఎండబెట్టి వాడుతున్నారు. చెమ్మ తిన్న వత్తి ఆరిపోయిందో, లోలోపల కాలుతోందో పైనుంచి తెలియదు. అట్లాంటి తూటా దగ్గరే, ముందు వీళ్లతో పనిచేసిన సుంకన్నకు కుడిచెయ్యి పోయింది. ఇప్పుడు రాప్తాడు దారిలో గొర్రెలు కాస్తున్నాడు.

వత్తి అంటించినవాడే ముందు దిగాలన్నది ఈ పనిలో కట్టుబాటు. పేలనిది ఉంటే దాన్ని పేల్చడానికి పక్కనే ఇంకో బొక్క కొట్టాలి. సమ్మెట దెబ్బకు రాయి అదిరితే చాలు, మొదటిది మొహం మీదే పేలుతుంది.

ఆ పూటకు ఎవరూ దిగలేదు. ఇంట్లో ఈరన్న సంగటి ముద్ద కెలికి వదిలేశాడు. "ఒంట్లో బాగలేదా?" అంది భార్య మారెక్క. "ఎండ," అన్నాడు.

తెల్లవారి బావిగడ్డన రైతు యేసన్న కాచుకుని ఉన్నాడు. "ఏమప్పా, నిలబడి చూస్తాంటే నీళ్లొస్తాయా?"

ఈరన్న మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. కింద ఏ అలికిడీ లేదు. రెండో కాలు గడ్డనే ఉండిపోయింది.

శ్రీరంగప్ప రెక్క పట్టి వెనక్కి లాగాడు. "నేను దిగుతా."

"కట్టుబాటు కాదన్నా."

వినలేదు. సగం దాకా దిగి, మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎంతసేపటికీ కదల్లేదు. పిలిస్తే అదురుతుందేమోనని ఎవరూ పిలవలేదు. చివరికి గోడను పట్టుకుంటూ పైకొచ్చాడు. అంగీ తడిసి వీపుకు అతుక్కుంది.

"యేసన్నా, మట్టి మెల్లగా జార్చి దీన్ని పూడ్చెయ్. రాళ్లు ఎయ్యొద్దు. పశువుల్ని ఇటు రానియ్యొద్దు."

"మరి నా బావి?"

"ఇంగెవురినన్నా పిలుచుకో. నా కంపెనీ ఈడికి సరి. బండి అమ్మేదానికి కదిరి సంతకు తోలుతా."

యేసన్న తిట్టుకుంటూ పోయాడు. ఈరన్నకు బాధ కలగాల్సింది. మొహం కనబడకుండా తల దించుకున్నాడు.

"నవ్వుకోప్పా," అన్నాడు శ్రీరంగప్ప. "నాకూ అట్లే ఉండాది."

మధ్యాహ్నం ఈరన్న ముద్ద మీద ముద్ద మింగుతుంటే మారెక్క వింతగా చూసింది.

"పని పోయిందంటాండావు, మూడో ముద్ద తింటాండావు. రేపటికి పొయ్యిలో నన్ను పెట్టుకుంటావా?"

ఈరన్న ఇంకో ముద్దకు తట్ట ముందుకు జరిపాడు.