చెక్కని పలకలు

స్మారకం గోడ మీద పేర్లు చెక్కే రాళ్ళ పెద్దమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్ళ కిందటి ఊచకోతలో పోయిన తన వాళ్ళ పదకొండు పేర్లూ ఆమె చేత్తో చెక్కినవే. అప్పుడు లోకమంతా చోద్యం చూసింది.

అందుకే పోయిన ఏడాది సరిహద్దు అవతల రేడియో ఒక జాతిని పట్టుకుని పురుగులనడం మొదలుపెట్టగానే, ఆమె ఇరవై రాతి పలకలు నున్నగా తీసి పెట్టింది. "ఇవీ చాలవు, చూస్తూ ఉండు" అంది కోడలితో.

కానీ ఈసారి ఆరు దేశాలు కూడబలుక్కున్నాయి. ఆ రేడియో నోరు మూయించాయి. కత్తులు బయటికి రాకముందే ఆ దేశాల పరిశీలకులు వచ్చి వీధివీధినా కాపలా నిలబడ్డారు. ఒక్క ప్రాణం పోలేదు.

సంస్మరణ రోజున, రేడియో పురుగులన్న ఆ జాతి మనుషులే సరిహద్దు దాటి ఏడు బస్సుల్లో పూలు పట్టుకుని వచ్చారు. స్మారకం అధికారి హడావిడిగా వచ్చాడు.

"పెద్దమ్మా, ఆ ఖాళీ పలకల మీద ఆరు దేశాల పెద్దల పేర్లు చెక్కిద్దామా?"

"నా తలకాయ చెక్కించు! చేసింది మంచి పనే, కాదన్నదెవరు? రేపు ఇంకోచోట అవసరమైతే ఇలాగే పరిగెత్తుకు రమ్మను. అంతకంటే పేరేం కావాలి?"

కూలీల చేత పలకలన్నీ గోడ ముందు ఇటుకల మీద బల్లల్లా పరిపించింది. బస్సు దిగి చంకలో బిడ్డతో నిలబడ్డ ఒక తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"కూర్చో తల్లీ, మొహమాటమెందుకు? మీ కోసం తీసిన రాళ్ళే ఇవి."