కంప్యూటరు చెవిలో దారం ఉండ

పెళ్ళాం గొంతు వినపడకపోతే అంతకన్నా హాయి ఏముందని నవ్వే మగవాళ్ళు, సిరిసిల్ల నేతపనివాళ్ళు వలసపోయి బతికే లింబాయత్‌లో చాలామందే ఉన్నారు. సోమలింగం ముందు మాత్రం ఆ వేళాకోళం ఆడకూడదు. లాక్‌డౌన్ పడిన ఆ ఏడాది ఆయనకు కావలసింది ఒక్కటే, భూదేవి గొంతు. నవ్వేవాళ్ళకు పెళ్ళాలు పక్కనే ఉన్నారు కాబట్టి నవ్వారు, అంతే.

సోమలింగం వయసంతా సాంచల మధ్యే గడిచింది. మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అంటారు. వందల సాంచలు ఒకేసారి ఆడే కార్ఖానాలో నోటితో మాట్లాడుకోవడం జరిగే పని కాదు. పెదవులు చూసి మాట పట్టుకోవాలి, చేతులతో సైగ చెయ్యాలి. చాయ్‌కు ఒక సైగ, దారం తెగితే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ. షెడ్డు ఆ చివర కూర్చుని కండెలు చుట్టే భూదేవి, ఈ చివర సాంచ నడిపే మొగుడు ఇన్నేళ్ళ సంసారంలో సగం అలా చేతులతోనే చేశారు. పొద్దున పనిలోకి దిగేముందు ఆమె దూది మెలితిప్పి ఆయన చెవుల్లో పెట్టేది. మధ్యాహ్నం తిండివేళకు చూస్తే ఆ దూది ఉండేది కాదు. ఆమె తిట్టేది, ఆయన పళ్ళికిలించేవాడు. యాభై దాటేసరికి ఆ చెవులు దాదాపు మూతపడ్డాయి.

కూతురు హిమశ్రీ కాన్పుకని మార్చి మొదట్లో భూదేవి సిరిసిల్ల వెళ్ళింది. పురుడు పోసి, పసిగుడ్డుకు నెల నిండగానే తిరిగొస్తానంది. ఇంతలో రైళ్ళు ఆగిపోయాయి. సాంచలు ఆగిపోయాయి. కొడుకు రాజు హజీరాలో ఒక కంపెనీలో పని చేస్తాడు. బయటి రోగం లోపలికి రాకూడదని ఆ కంపెనీ పనివాళ్ళను లోపలే ఉంచేసుకుంది. ఇంట్లో మిగిలింది మామ, కోడలు విజయశ్రీ. పైగా ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకుంది. పెదవులు చూసి బతికే మనిషికి అదెంత కష్టమో గుడ్డ కట్టుకోమన్నవాళ్ళకు తట్టి ఉండదు. పాలవాడు ఏమంటున్నాడో, పక్కింటి బాలవ్వ ఏమడుగుతోందో తెలియక సోమలింగం అందరికీ తల ఊపడం మొదలుపెట్టాడు.

ఫోను చెవికి పెట్టుకుంటే భూదేవి మాట ఆయనకు డబ్బాలో ఈగ తిరిగినట్టు వినపడేది. వీడియోలో పెదవులు చూద్దామంటే హిమశ్రీ ఇంటి దగ్గర సిగ్నల్ ఆనదు, నోరు తెరిచిన చోటే బొమ్మ ఆగిపోయేది. అప్పుడు విజయశ్రీకి కంప్యూటరు గుర్తొచ్చింది. వరాఛాలో ఏదో ఆఫీసు పాతవి అమ్మేస్తుంటే రాజు కొనుక్కొచ్చి, దానిలో ఉచితంగా దొరికే లినక్స్ సిస్టం ఎక్కించాడు. ఆమె దానిమీద చీరల ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తుంది. దానికి బండరాళ్ళలాంటి రెండు స్పీకరు పెట్టెలున్నాయి. అటు హిమశ్రీ ఫోనుకు మీటింగ్ లింకు పంపి, ఇటు సౌండు నిండుగా పెంచి, మామను ఆ పెట్టెల మధ్య కూర్చోబెట్టింది.

"ఏమయ్యా, తిన్నవా?" అని గదంతా మోగింది.

సోమలింగం లేచి నిలబడ్డాడు. ఆ పెట్టెల్లోంచి వచ్చింది ఏళ్ళ తరబడి ఆయన చెవిదాకా సరిగా రాని గొంతు. పెళ్ళాం గొంతులో కొంచెం బొంగురు ఉందని ఆయన మర్చేపోయాడు. ఆనాటినుంచి రోజూ మధ్యాహ్నం ఆమెతో మాట్లాడటమే ఆయనకు పని, పండగ. ఏం మాట్లాడుకునేవాళ్ళంటే ఏమీ లేదు. పసిది పాలు తాగిందా, ఇక్కడ ఎండెంత, చింతపండు ఎక్కడ పెట్టావు. ఇంట్లో ఉన్నప్పుడు ఇవే మాటలు సైగల్లో తేలిపోయేవి. దూరం పోయాక ఒక్కొక్కటీ తీపయింది.

జూన్‌లో సాంచలు మళ్ళీ మొదలయ్యాయి. వీళ్ళ గది కింద కూడా ఒక షెడ్డుంది. దాని చప్పుడుతో పాటు దారం పీచు కూడా మెట్లమీదుగా పైకొచ్చి అన్నిటి మీదా పేరుకుంటుంది. ఇన్నాళ్ళు ఇంట్లోనే ఉన్న సోమలింగం మొదటిరోజు పనికి పోయేముందు కంప్యూటరును తువ్వాలుతో తుడిచి, బిడ్డను పడుకోబెట్టినట్టు దుప్పటి కప్పి, ఇంకా తనకు తోచిన జాగ్రత్తలన్నీ తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం తిండివేళకు ఉరుకుతూ వచ్చి పెట్టెల మధ్య కూర్చున్నాడు. తెరమీద భూదేవి బొమ్మ ఆగి ఉంది. గొంతు మాత్రం లేదు.

తన చెవులు పూర్తిగా పోయాయేమోనని ఆయన ముందు హడలిపోయాడు. విజయశ్రీ కూడా తనకూ వినపడటం లేదని చెప్పాక గాని ఊపిరి పీల్చుకోలేదు. మైకు కెమెరాలోనే ఉంది కాబట్టి ఈయన మాట భూదేవికి అందుతోంది. ఆమె మాటే ఈయనకు అందదు. విజయశ్రీ తన ఫోనులో విని, పెదవులు కదిపి మామకు చెప్పేది. ఆ ఫోనుకే పెట్టెలు తగిలిద్దామంటే దాని బొక్క ఎప్పుడో విరిగిపోయింది. అయినా మొగుడూ పెళ్ళామూ కోడలి నోటి మీదుగా ఎంతని మాట్లాడుకుంటారు? "నిన్ను తలుచుకుంటే అన్నం సయిస్తలేదు" అనే మాటను కోడలిచేత ఎవరు చెప్పిస్తారు? రెండు రోజులకు భూదేవి "బాగున్నడా, బాగున్న" దగ్గర ఆగిపోయింది. సోమలింగం కంచంలో అన్నం మిగలడం మొదలైంది.

అది చూడలేక విజయశ్రీ ఆదివారం మధ్యాహ్నం రాజుకు ఫోన్ చేసింది. హజీరాలో ఆయనకు అది చాయ్ విరామం.

"ముందుగాల వెనక ఆకుపచ్చ బొక్కల పిన్ను మంచిగున్నదా సూడు," అన్నాడు రాజు.

"తీసి మల్ల పెట్టిన. ఏం లాభం లేదు."

"అయితే బయటికి గుంజి పిన్ను మొనకు వేలు తాకియ్యి."

తాకించగానే పెట్టెలు బుర్రుమన్నాయి. ఒక పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్న సోమలింగానికి ఆ అదురు తెలిసింది. మొహం ఇంత చేసుకుని "వచ్చిందా?" అని అరిచాడు. కోడలు లేదని తల ఊపింది. ఆయన చెయ్యి మాత్రం తీయలేదు.

"పెట్టెలు మంచిగనే ఉన్నయన్నట్టు," అన్నాడు రాజు. "ఇగ కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరువు. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు."

ఆమె అక్షరం అక్షరం కొట్టింది. తెరమీద సౌండుకార్డు పేరు వచ్చింది.

"కార్డు సావలే, లినక్స్ దాన్ని గుర్తుపట్టింది. మిక్సర్ తెరువు. నిలువు గీతలు కనిపిస్తున్నయా? దేని కింద ఎమ్ ఎమ్ అని ఉన్నదో అది నోరు మూసుకున్నట్టు."

"లైన్ అవుట్ కింద ఉన్నది."

"అదే మన పెట్టెలది. ఎమ్ కొట్టి తెరువు."

"తెరిచిన. ఇగో, మల్ల మూసుకున్నది. నేను తెరుస్తున్న, అది మూస్తున్నది. నీ కంప్యూటర్‌కు నీ జిద్దే వచ్చింది."

రాజు మిషన్ ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. వేసింది. సౌండు నడిపే ప్రోగ్రాంను చంపి మళ్ళీ లేపమన్నాడు. లేపింది. చివరికి సెట్టింగ్స్ తెరిపించి, సౌండు ఎటు పోతోందో చూడమన్నాడు.

"హెడ్‌ఫోన్లకు పోతున్నదట. ముందు బొక్కకు హెడ్‌ఫోన్లు పెట్టి ఉన్నయని రాసింది."

"మరి తియ్యరాదు?"

"మనింట్ల హెడ్‌ఫోన్లు ఏడున్నయి, తీసేటందుకు?"

"విజయా, నేను చాయ్ ఇడిసిపెట్టి మాట్లాడుతున్న. మజాక్ చెయ్యకు."

"మజాక్ నేను చేస్తలేను, అది చేస్తున్నది!"

ఆ ముందు జాక్ ఖరాబైందని రాజు తేల్చేశాడు. బోర్డు మీదే అతికి ఉండే సౌండుకార్డు కాబట్టి అదొక్కటే మార్చలేమని, బయటికి వదిలినప్పుడు వేరే కార్డు కొనుక్కొస్తానని చెప్పాడు. ఎప్పుడు వదులుతారంటే ఆయనకే తెలియదు. విరామం అయిపోయి ఫోను పెట్టేశాడు.

సోమలింగం అంతసేపూ కోడలి పెదవులనే చూస్తున్నాడు. ఇంగ్లీషు మాటలేవీ ఆయనకు దొరకలేదు, ఆమె మొహం దిగిపోవడం మాత్రం దొరికింది. "ఏమంటున్నడు? ఇగ రాదా?" అని అడిగాడు. విజయశ్రీ మామకు ఎదురుగా కూర్చుంది. హెడ్‌ఫోన్లను ఎలా చెప్పాలో తెలియక, కార్ఖానాలో వాళ్ళు దూదికి చేసే సైగే చేసింది. రెండు చూపుడు వేళ్ళు చెవుల్లో పెట్టుకుని, తర్వాత కంప్యూటరును చూపించింది.

"దాని చెవుల ఏదో పెట్టి ఉన్నదని అనుకుంటున్నది మామా. అందుకే మనకు ఇనిపిస్తలేదు. కాని ఏం లేదు కదా."

సోమలింగం లేచి, చొక్కా జేబులోంచి దారం పోగులు లాగే సన్నటి కొక్కెం తీసి, కంప్యూటరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ముందు పలక మీద పక్కపక్కనే ఉన్న రెండు చిన్న గుండ్రటి బొక్కల్లో ఒకదానిలోకి కొక్కెం దూర్చి లాగాడు. గట్టిగా మెలితిప్పి కూరిన నీలం వేస్టు దారం ఉండ బయటికొచ్చింది. రెండోదాంట్లోంచి ఇంకొకటి.

సాంచల దగ్గర తెరిచిన బొక్క కనపడితే ఎవరి చెయ్యీ ఊరుకోదు. మోటారు కానీ, స్విచ్చుబోర్డు కానీ, పీచు దూరితే పాడవుతుందని చేతికందిన వేస్టు దారం కూరేస్తారు. భూదేవి గొంతు తెచ్చే మిషన్‌లో పీచు పోతుందన్న భయంతో ఆయన మామూలుకన్నా ఇంకొంచెం గట్టిగానే కూరాడు. ఆ ఒత్తిడికి లోపలి రేకు కదిలి, హెడ్‌ఫోన్లు పెట్టారని కంప్యూటరు నమ్మింది.

"నేనే పెట్టిన బిడ్డా," అన్నాడు. "ఖరాబ్ కావద్దని పెట్టిన."

విజయశ్రీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తెరమీద హెడ్‌ఫోన్ల పేరు దానంతటదే మాయమైంది. ఆమె హిమశ్రీకి లింకు పంపి, సౌండు చివరిదాకా పెంచింది.

"ఏమయ్యా, ఇనిపిస్తున్నదా?"

అదే బొంగురు. సోమలింగం రెండు చేతులతో పెట్టెను పట్టుకున్నాడు. "మల్లొకసారి అను," అన్నాడు.

"ఇనిపిస్తున్నదా అంటున్న."

"ఇంకొకసారి."

"పిచ్చిలేసిందా నీకు? ఇంతకు ఏమైందట దానికి?"

విజయశ్రీ జరిగింది చెప్పింది. భూదేవి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకు పసిది లేచి ఏడుపందుకోవడం కూడా పెట్టెల్లోంచి వినపడింది. హిమశ్రీ దాన్ని ఎత్తుకుని లోపలికి పోయినట్టుంది, ఏడుపు దూరమైంది.

"దానికైతే మంచిగ గట్టిగ పెట్టినవు," అంది భూదేవి. "నేను రోజూ దూది పెడితే మాత్రం పీకి పారేస్తుంటివి. చెప్పిన మాట ఇంటే ఈ చెవులు ఉండకపోవునా? ఎందుకు పీకుతుంటివయ్యా? ఇయ్యాలన్న చెప్పు."

సోమలింగం కోడలి వైపు ఒకసారి చూశాడు. సిగ్గుపడ్డాడు. తర్వాత పెట్టెకే చెబుతున్నట్టు దానిమీదికి వంగాడు.

"ఆ చివరికెల్లి నువ్వు పిలిస్తే ఇనపడదేమోనని."

ఆ షెడ్డులో ఎంత గట్టిగా పిలిచినా ఈ చివరికి వినపడదు. ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

పెట్టెల్లో ఏ చప్పుడూ లేదు. కింద ఆదివారమూ ఆగని సాంచల రొద తప్ప గదిలో ఇంకేమీ వినపడటం లేదు. అయ్యో, మళ్ళీ పోయిందనుకుని విజయశ్రీ గబగబా మౌస్ అందుకుంది. సోమలింగం ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సౌండు పోలేదు బిడ్డా. మీ అత్తమ్మ ఏడుస్తున్నది. జర ఆగు."