భ్రమరాంబ అత్త పాలు

స్కానింగు గది ముందు బల్ల మీద వకుళ కూర్చుని ఉంది, పక్కనే ఎప్పుడో పోయిన మేనత్త భ్రమరాంబ తీరిగ్గా మల్లెపూలు మాల కడుతోంది, బల్ల రెండో కొస సాగి సాగి కడియం ఊళ్లోని అత్త వంటింట్లోకి వెళ్లిపోయినా అదేమీ వింతగా తోచడం లేదు.

"ఏం జబ్బే నీకు?" అని అడుగుతుంది అత్త, దారం పంట కొరుకుతూ.

వకుళ చెబుతుంది. నెలసరి ఆగిపోయిందని, కడుపు రాకుండానే పాలు వస్తున్నాయని, రక్తం చూస్తే ప్రోలాక్టిన్ అనే హార్మోను విపరీతంగా ఉందని, మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో కందిగింజంత గడ్డ కనిపించిందని.

"క్యాన్సరు కాదట అత్తా. కోత కూడా అక్కర్లేదట. వారానికి రెండు మాత్రలు వేసుకుంటే అదే కుంచించుకుపోతుందట."

"మరి ఆ మొహమేంటి?"

చెప్పడానికి సిగ్గేస్తుంది. డాక్టరమ్మ అన్నం తిన్నాకే వేసుకోమంది. వీళ్లింట్లో మాత్రం మందన్నది పరగడుపున పడితేనే ఒంటికి పడుతుందని గట్టి నమ్మకం, చదువుకున్న వకుళకీ అది పోలేదు. ఖాళీ కడుపున మింగి, కళ్లు తిరిగి, పేగులు నోట్లోకొచ్చేలా కక్కుకుని, మళ్లీ ఆ మాత్ర ముట్టుకోలేదు.

అత్త పైట సర్దుకుంటుంది, రవికెలోంచి కూడా మల్లెలు రాలతాయి. పాలు ఎండిపోవాలని బాలింతలు కట్టుకునే మల్లెలు. అత్తకేమో పిల్లలే పుట్టలేదు.

"నాకూ వచ్చాయే. మీ అమ్మ టైఫాయిడుతో మంచం పడితే నిన్ను నా పక్కలో వేశారు. నువ్వు ఏడ్చావు, నాకు పాలొచ్చాయి. నీ కోసమే వచ్చాయనుకున్నాను. ఎవరికైనా చెబితే ఏ మందో పోసి ఆపేస్తారని చెప్పలేదు. నువ్వు వెళ్లిపోయాకా ఆగలేదు, అప్పుడు ఈ పూలు కట్టాను."

ఆ తర్వాత సంగతి వకుళకు తెలుసు. పక్కల చూపు తగ్గి అత్త ద్వారబంధాలకు గుద్దుకుంటుంటే అందరూ కళ్లజోడే మారుస్తూ వచ్చారు, తలలో ఏముందో ఎవరూ చూడలేదు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేస్తుంది.

"అత్తా, అవి కూడా గడ్డ వల్ల వచ్చిన పాలేనేమో."

అనగానే ఏడుపొస్తుంది. ఉన్న ఒక్క మురిపాన్నీ లాగేసుకున్నట్టయింది. అత్త మాత్రం ముడి వేసి, నవ్వి, వకుళ బుగ్గ గిల్లుతుంది.

"అయితే అయిందిలేవే. ఎవరికివ్వాలో గడ్డకేం తెలుసు? ఇచ్చింది నేను, తాగింది నువ్వు."

వంటిల్లు మసకబారుతోంది, అత్త మొహం దగ్గరగానే ఉంది, మాట మాత్రం దూరం నుంచి వస్తోంది.

"దీనికి మందుందని నాకు చెప్పినవాళ్లు లేరు. నీకు చెప్పారుగా. నా వెనకాల రాకు తల్లీ."

"ఈ వేళప్పుడు పడుకోకూడదు, లే వకుళా" అని భర్త కామేశం భుజం తట్టాడు. అసుర సంధ్య. కిటికీలో ఇంకా కాస్త వెలుగుంది. లేచి కూర్చుంటే రవికె ముందంతా తడిసి ఉంది. రోజూ అయితే చప్పున కొంగు కప్పుకుని స్నానాల గదిలోకి పోయేది. ఇవాళ ఆ తడి మీద అరచెయ్యి ఆన్చి, కాసేపు అలాగే ఉంచుకుంది.

"ఏవండీ, మాత్రలు మానేశాను, మీకు చెప్పలేదు. కాస్త అన్నం కలిపి పెట్టండి, తిని వేసుకుంటాను."